అన్ని నేలల్లోనూ ఆర్కిడ్లే, అయినా చోటు మారిస్తే బతకవెందుకు?

అడవి ఆర్కిడ్ల గురించి రెండు మాటలు తరచూ వినిపిస్తుంటాయి. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ పెరిగే గట్టి మొక్కలివి అన్నది ఒకటి. ఉన్న చెట్టు మీంచి తీసి ఇంకో చెట్టుకు కడితే చాలు, చచ్చిపోయే సుకుమారాలివి అన్నది రెండోది. వాతావరణ మార్పుల వార్తలు వచ్చినప్పుడు, ఆనకట్ట కిందో రోడ్డు కిందో పోయే అడవి నుంచి మొక్కల్ని తరలిస్తున్నారన్న కబురు వచ్చినప్పుడు ఈ రెండు మాటలూ కలిసిపోయి గందరగోళం మొదలవుతుంది. గట్టివే అయితే తరలించినా బతకాలి కదా? సుకుమారాలే అయితే ఇన్ని చోట్లకు ఎలా చేరాయి?

రెండు మాటలూ నిజమే. మొదటిది కుటుంబం గురించి, రెండోది ఒక్కో జాతి గురించి. ఆర్కిడ్ కుటుంబంలో సుమారు 28,000 జాతులున్నాయి. వాటిలో దాదాపు 70 శాతం చెట్ల మీద బతికేవి, మిగిలినవి నేల మీద, రాళ్ల మీద, బురదలో పెరిగేవి. 54 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర, ఈదురుగాలి తప్ప ఇంకేమీ లేనట్టుండే మక్వారీ దీవిలో అరచేతిలో పట్టేంత నెమటోసెరాస్ ఆర్కిడ్లున్నాయి. ఆర్కిటిక్ టండ్రాలో కొరలోరైజా ఉంది. భూమధ్యరేఖ అడవుల్లోనైతే లెక్కలేనన్ని. కానీ వీటిలో ఏ ఒక్కటీ మిగిలిన రెండు చోట్లా బతకదు. కుటుంబం అంత విశాలంగా పరుచుకోవడానికి కారణం ఒక్కో జాతి ఒక్కో ఇరుకు చోటికి అచ్చుగుద్దినట్టు సరిపోవడమే. ఆ సరిపోవడం ఎలా జరుగుతుంది, ఎంతవరకు సాగుతుంది అన్నదే ఇక్కడి విషయం.

## ఒంట్లో ఉన్నది, సర్దుకునేది, చుట్టూ దొరికేది

ఆర్కిడ్ ఒక ప్రాంతానికి అలవాటు పడింది అన్నప్పుడు మూడు వేరువేరు సంగతులను ఒకే మాటతో చెప్పేస్తుంటాం.

మొదటిది అనుకూలనం. తరతరాలుగా ఆ చోట బతికి గింజ వేయగలిగిన మొక్కల లక్షణాలే మిగులుతూ వచ్చి, జాతి స్వభావమే మారడం. ఇది ఒక మొక్క జీవితకాలంలో జరిగేది కాదు. రెండోది సర్దుబాటు. ఉన్న మొక్కే పరిస్థితిని బట్టి కొంత మారడం. నీడలో పెరిగిన మొక్క మీద కొమ్మ విరిగి ఎండ పడితే, తర్వాత వచ్చే ఆకులు పొట్టిగా, మందంగా, కాస్త ఎరుపు తిరిగి వస్తాయి. పాత ఆకులు మాత్రం మారవు, మాడిపోతాయి. అంటే సర్దుబాటుకు కొత్త ఆకు వేసేంత వ్యవధి కావాలి, దానికో హద్దు కూడా ఉంటుంది. మూడోది మొక్కలోనే లేదు: అక్కడి నేలలోని శిలీంధ్రం, అక్కడ ఎగిరే పురుగు, అక్కడి చెట్టు బెరడు. ఈ మూడో దాన్ని లెక్కలో వేసుకోకపోవడం వల్లే తరలింపులు ఎక్కువగా విఫలమవుతాయని నా అభిప్రాయం.

## చెట్టు మీద నీళ్లెక్కడివి

ముందు ఒక అపోహ. చెట్టు కొమ్మ మీద మొలిచిన దేన్నైనా బదనిక అనేయడం వల్ల, ఆర్కిడ్ కూడా చెట్టు రసం పీల్చే పరాన్నజీవి అన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. అసలైన బదనిక కొమ్మలోకి తన వేరు దించి నీరు లాగుతుంది. ఆర్కిడ్ బెరడును పట్టుకుని ఉంటుందంతే. తనకు కావలసిన నీరు వానా, మంచూ, గాలీ ఇవ్వాల్సిందే. వాన వెలిసిన అరగంటకల్లా బెరడు ఆరిపోతుంది. కాబట్టి నేల మీద వాన సమృద్ధిగా కురిసే అడవిలో కూడా కొమ్మ మీది మొక్కకు రోజూ చిన్న కరువే.

వాండా అనే చెట్టు ఆర్కిడ్ వేరును వాన మొదలయ్యే క్షణంలో దగ్గరగా చూడండి. ఎండినప్పుడు సున్నం పూసినట్టు తెల్లగా ఉంటుంది, కొసన మాత్రం గోరంత పచ్చదనం. మొదటి చినుకు పడిన చోట కొన్ని సెకన్లలోనే తెలుపు కరిగి ఆకుపచ్చ పైకి తేలుతుంది. ఆ తెలుపు వెలమెన్ అనే పొరది. అది చనిపోయిన ఖాళీ కణాల స్పాంజి. పొడిగా ఉన్నప్పుడు అందులో గాలి నిండి వెలుతురు చెదిరి తెల్లగా కనిపిస్తుంది, తడిస్తే పారదర్శకమై లోపలి పచ్చని కణాలు బయటపడతాయి. నీటిని సెకన్లలో పట్టుకుని, గంటల తరబడి మెల్లగా లోపలికి అందించడం దీని పని. దీనికి ఇంకో లాభముంది. వాన తొలి నిమిషాల్లో ఆకుల మీది దుమ్ము, రెట్ట, కుళ్లిన చెత్త కరిగి కారే నీళ్లలోనే పోషకాలు ఎక్కువ. ఆ తొలి నీటినే వెలమెన్ ఒడిసిపట్టి, ఆ తర్వాత కారే పలచటి నీటికి పోషకాలు కొట్టుకుపోకుండా చూస్తుంది.

ఇదే పొర చోటు మారితే శత్రువవుతుంది. గాలి ఆడని తడి మట్టిలో పాతితే స్పాంజి ఎప్పుడూ నిండే ఉంటుంది, లోపలి కణాలకు ఆక్సిజన్ అందదు, వేరు గోధుమరంగు తిరిగి తోలులా ఊడివస్తుంది. నీరెక్కువై వేరు చనిపోయిన మొక్క ఆకులు ముడతలు పడతాయి. అది చూసి దాహమనుకుని ఇంకా నీళ్లు పోస్తారు.

పట్టుకున్న నీటిని దాచడానికి చాలా జాతులు కాండాన్నే ఉబ్బించుకుంటాయి. పెంపకందారులు దీన్ని సూడోబల్బ్ అంటారు. తడి, పొడి కాలాలు స్పష్టంగా విడిపోయిన ప్రాంతాల జాతుల్లో ఇవి లావుగా ఉంటాయి. ఏడాది పొడవునా పొగమంచు ఉండే కొండల మీది మాస్డెవాలియా, డ్రాక్యులా వంటి వాటికి ఇవి అసలుండవు, దాచుకోవలసిన అవసరం ఎన్నడూ రాలేదు గనుక.

ఇంకొన్ని జాతులు శ్వాసవేళలే మార్చుకున్నాయి. మామూలు మొక్క పగలు పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటుంది, ఆ తెరిచిన దారిలోనే నీరు ఆవిరైపోతుంది. ఫెలనాప్సిస్ వంటి మందపాటి ఆకుల ఆర్కిడ్లు రాత్రి చల్లబడ్డాక రంధ్రాలు తెరిచి, తీసుకున్న వాయువును ఆమ్లంగా దాచి, పగలు రంధ్రాలు మూసుకుని ఆ ఆమ్లంతో పిండిపదార్థం చేసుకుంటాయి. నీరు బాగా మిగులుతుంది, ఎదుగుదల నెమ్మదిస్తుంది. ఆకు మందాన్ని వేలితో నొక్కి చూస్తే జాతి ఎలాంటి చోటిదో చాలావరకు ఊహించవచ్చు, మినహాయింపులు లేకపోలేదు.

ఈ దారిలో చివరిదాకా వెళ్లిందని చెప్పదగినది ఫ్లోరిడా, క్యూబాల్లోని డెండ్రోఫిలాక్స్ లిండెనీ. దీనికి ఆకులే లేవు. బెరడు మీద నక్షత్రంలా పరుచుకున్న బూడిదాకుపచ్చ వేళ్లే కిరణజన్య సంయోగక్రియ చేస్తాయి. ఇదే మొక్క ఫ్లోరిడా చిత్తడి అడవుల్లో ప్రధానంగా రెండు రకాల చెట్లనే పట్టుకుని ఉంటుంది, క్యూబాలో అనేక రకాల చెట్ల మీద పెరుగుతుంది. జాతి ఒకటే అయినా చోటు మారితే పట్టుకునే చెట్లు మారతాయి. ఒక ప్రాంతంలో చూసినదాన్ని బట్టి “ఈ ఆర్కిడ్‌కు ఫలానా చెట్టే కావాలి” అని తేల్చేయడం తొందరపాటు.

## ఒక్కో ప్రాంతానికి ఒక్కో పంచాంగం

ఉష్ణోగ్రత, వాన మొత్తం ఎంత అన్నదానికంటే అవి ఏ వరుసలో వస్తాయన్నది ఆర్కిడ్‌కు ముఖ్యం. హిమాలయ పాదాల నుంచి ఆగ్నేయాసియా దాకా విస్తరించిన డెండ్రోబియం నోబిలేను తీసుకోండి. రుతుపవనాలతో కొత్త కాడ లేచి నాలుగైదు నెలల్లో పూర్తి ఎత్తు పెరుగుతుంది. వానలు ఆగాక కాడ కొస దగ్గర ఇంక కొత్త ఆకు రాదు. చలికాలంలో వాన ఉండదు, రాత్రులు చల్లబడతాయి. కాడలు కాస్త ముడతలు పడి, చాలా ఆకులు రాలి, చచ్చిన కట్టెల్లా కనిపిస్తాయి. సరిగ్గా ఆ సమయంలోనే కణుపుల దగ్గర పూమొగ్గలు నిర్ణయమవుతాయి. ఈ చలీ ఎండూ లేని చోటుకు తీసుకెళ్లి ఏడాదంతా నీరు, ఎరువు ఇస్తే అదే కణుపుల నుంచి పూలకు బదులు పిలకలు వస్తాయి. మొక్క ఆరోగ్యంగానే ఉంటుంది, పచ్చగా పెరుగుతుంది, పూయదు. అడవిలోనైతే పూయని మొక్క గింజ వేయదు, అంటే అక్కడ ఆ జాతి ఆ తరంతో సరి.

మధ్యధరా ప్రాంతంలో లెక్క తారుమారు. అక్కడ వాన చలికాలంలో, కరువు ఎండాకాలంలో. ఓఫ్రిస్, ఆర్కిస్ జాతులకు నేలలో రెండు దుంపలుంటాయి. ఒకటి ఈ ఏడాది ఖర్చయ్యేది, మెత్తబడి ముడతలు పడి ఉంటుంది. రెండోది వచ్చే ఏడాదికి నిండుతున్నది, గట్టిగా తెల్లగా ఉంటుంది. శరదృతువు వానకు ఆకుల గుత్తి నేలకు అంటుకుని లేస్తుంది, చలికాలమంతా పెరుగుతుంది, వసంతంలో పూసి, ఎండలు ముదిరేసరికి పైభాగమంతా మాయమవుతుంది. ఆ తర్వాత మూడు నాలుగు నెలలు మిగిలేది కొత్త దుంప ఒక్కటే. ఆ నిద్రలో నేల తడిగా ఉంటే కుళ్లిపోతుంది. వేసవి వానలుండే చోట ఈ జాతులు నిలదొక్కుకోలేకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. ఎండకు తట్టుకుంటాయి గానీ వెచ్చటి తడికి తట్టుకోలేవు.

ఉత్తరాన సిప్రిపీడియం జాతులు మంచుకు ఇదే పద్ధతిలో జవాబిచ్చాయి. వచ్చే ఏడాది మొగ్గ ముందటి వేసవిలోనే నేల కింద తయారై కూర్చుంటుంది. దాన్ని లేపడానికి సుమారు మూడు నెలల పాటు 5 డిగ్రీల లోపు చలి తగలాలి. చలి చాలకపోతే మొగ్గ లేవదు, లేచినా వంకరగా బలహీనంగా వస్తుంది. మంచు ఇక్కడ దుప్పటి కూడా. పైన గాలి ఎంత గడ్డకట్టినా దళసరి మంచు కింద నేల సున్నాకు దగ్గర్లోనే ఉంటుంది. ఆ దుప్పటి పలచబడితే నేల గడ్డకట్టడం, కరగడం పదేపదే జరిగి మొక్కను వేళ్లతో సహా పైకి నెట్టేస్తుంది. వేడెక్కిన చలికాలం చలిమొక్కకు చలిదెబ్బ తగిలించేది ఇలాగే.

కొన్నింటి పంచాంగం ఇంకా సూక్ష్మం. ఆగ్నేయాసియాలో డెండ్రోబియం క్రుమెనాటం మొగ్గలు కొంతవరకు పెరిగి ఆగిపోయి ఉంటాయి. గాలివానతో ఉష్ణోగ్రత ఒక్కసారిగా సుమారు 5 డిగ్రీలు తగ్గితే కదలిక మొదలై, సుమారు తొమ్మిదో రోజున ఆ ప్రాంతంలోని మొక్కలన్నీ ఒకేసారి పూస్తాయి. పూవు ఉండేది ఒక్కరోజే. అన్నీ ఒకే రోజు పూయడం వల్లే పుప్పొడి మొక్క నుంచి మొక్కకు చేరుతుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో పైరార్కిస్ నైగ్రికాన్స్ ఏళ్ల తరబడి ఆకు మాత్రమే వేసి, పొదలు తగలబడిన మరుసటి వసంతంలో విరగబూస్తుంది.

## “80 శాతం తేమ” అనే లెక్క ఎక్కడ తప్పుతుంది

కొండ మీది ఆర్కిడ్ మైదానంలో ఎందుకు చనిపోతుందో చెప్పడానికి ఒక చిన్న లెక్క వేద్దాం. ఎత్తు ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. లోయ 300 మీటర్ల ఎత్తున 27 డిగ్రీల సగటుతో ఉందనుకుంటే, 2,300 మీటర్ల దగ్గర అది 15 డిగ్రీలు. ఆండీస్ మేఘారణ్యాల డ్రాక్యులాలు ఉండేది ఇలాంటి చల్లని ఎత్తుల్లోనే.

ఇప్పుడు ఆ మొక్కను కిందికి తెచ్చి, “అక్కడ 80 శాతం తేమ ఉండేది, ఇక్కడా 80 శాతం ఉంచుతాం” అన్నారనుకోండి. 15 డిగ్రీల గాలి ఘనపు మీటరుకు గరిష్ఠంగా 12.8 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. 80 శాతం అంటే ఇంకా 2.6 గ్రాముల ఖాళీ. లోయలోని 27 డిగ్రీల గాలి 25.8 గ్రాములు పట్టుకోగలదు, అదే 80 శాతం దగ్గర ఖాళీ 5.2 గ్రాములు. ఆకు నుంచి నీటిని లాగేది ఈ ఖాళీయే. అంటే తేమ శాతం ఒకటే అయినా కింద గాలి సుమారు రెండు రెట్లు ఎండబెడుతోంది. కొండ మీది ఆరుదలే కింద కూడా ఉండాలంటే తేమ 90 శాతం దాటాలి. అంత తేమను గాలి ఆడకుండా మూసి నిలబెడితే ఆకుమచ్చలు, కుళ్లు మొదలవుతాయి.

తేమ సరిచేసినా ఇంకో చిక్కు మిగులుతుంది. రాత్రి వేడిగా ఉంటే మొక్క శ్వాసక్రియ పెరుగుతుంది, పగలు సంపాదించిన పిండిపదార్థం రాత్రే ఖర్చయిపోతుంది. చల్లని రాత్రులకు పుట్టిన జాతి వేడి రాత్రుల్లో ఒక్కరోజులో చావదు. ఏ ఆకుకా ఆకు చిన్నదవుతూ నెలల తరబడి క్షీణిస్తుంది. తరలించిన మూడో నెలలో “బతికాయి” అని ప్రకటించడం ఎంత తొందరో దీన్నిబట్టి తెలుస్తుంది.

## గింజకు అన్నం పెట్టే శిలీంధ్రం

ఆర్కిడ్ గింజ దుమ్ముకణం. బరువు కొన్ని మైక్రోగ్రాములే, గ్రాముకు లక్షల గింజలు తూగుతాయి. కొన్ని జాతుల్లో ఒక్క కాయలోనే పదిలక్షలకు పైగా ఉంటాయి. అంత తేలికగా ఉండటానికి అది చెల్లించిన మూల్యం లోపల తిండి లేకపోవడం. వరిగింజలోలా పిల్ల మొక్కకు దాచిన అంకురచ్ఛదం ఇందులో ఉండదు. గాలికి ఎంత దూరమైనా పోతుంది, దిగిన చోట తగిన శిలీంధ్రం తారసపడితేనే బతుకు. శిలీంధ్రపు పోగులు గింజలోకి దూరి కణాల్లో ఉండలు చుట్టుకుంటాయి, పిండం ఆ ఉండల్ని అరిగించుకుని పెరుగుతుంది. 1899లో ఫ్రాన్స్‌లో నోయెల్ బెర్నార్డ్ ఈ సంగతి కనిపెట్టాడు. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ చక్కెర కలిపిన అగార్ అనే జెల్లీ మీద శిలీంధ్రం లేకుండానే గింజలు మొలిపించి చూపాడు. అంటే మొలకకు కావలసింది ప్రధానంగా బయటి నుంచి చక్కెర. సీసాలో దాన్ని మనం ఇస్తాం, అడవిలో శిలీంధ్రం ఇవ్వాలి. సీసాలో పెరిగిన వేల మొక్కల్ని అడవిలో నాటి పూయించినా, వాటి గింజలు అక్కడ మొలవకపోతే ఆ గుంపు ఆ మొక్కలతోనే ఆగిపోతుంది.

నేల ఆర్కిడ్లలో కొన్ని జాతులు ఎన్నో రకాల శిలీంధ్రాలతో పొత్తు పెట్టుకుంటాయి, కొన్ని ఒక్క చిన్న సమూహంతోనే. ఆస్ట్రేలియా డ్రాకియా జాతులు రెండో కోవకు చెందినవి. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1928లో బయటపడ్డ రైజాంథెల్లా గార్డ్నెరి దీనికి పరాకాష్ఠ. పూతతో సహా బతుకంతా భూమిలోనే. ఆకుపచ్చదనమే లేదు. సాధారణ మొక్కల హరితరేణువుల్లో 110 దాకా జన్యువులుంటే దీనిలో మిగిలినవి 37. ఇది తినేది మెలలూకా పొద చేసుకున్న చక్కెర, అది శిలీంధ్రం గుండా దీనికి చేరుతుంది. ఈ మొక్కను తరలించాలంటే పొదనూ, శిలీంధ్రాన్నీ, ఆ ఇసుకనేలనూ తరలించాలి.

అలాగని శిలీంధ్రపు పొత్తు ఎప్పటికీ మారనిదేం కాదు. ఉత్తర అమెరికా అడవుల్లోని గుడియెరా ప్యూబెసెన్స్ ఒకే రకం శిలీంధ్రంతో ఏళ్లు గడుపుతుంది. తీవ్రమైన కరువు తర్వాత పరీక్షిస్తే, బతికిన మొక్కల్లో కొన్ని కొత్త శిలీంధ్రానికి మారినట్టు తేలింది. కష్టకాలంలో మారగలగడం కూడా ఒక సర్దుబాటే.

## పూవు కొలతకు పురుగు కొలత

స్వీడన్‌కు చెందిన ఓలాండ్ దీవిలో ప్లటాంథెరా బైఫోలియా అనే తెల్లపూల ఆర్కిడ్ పచ్చికబయళ్లలోనూ, పక్కనే అడవుల్లోనూ పెరుగుతుంది. పూవు వెనుక తేనె నిండిన సన్నని గొట్టం వేలాడుతుంటుంది. బయళ్లలోని మొక్కలకు ఈ గొట్టం పొట్టి, అడవిలోని వాటికి పొడుగు. బయళ్లలో వచ్చే చిమ్మట తొండం పొట్టిది, అడవిలో తిరిగే చిమ్మటది పొడుగు. గొట్టం తొండం కంటే పొట్టిదైతే చిమ్మట దూరం నుంచే తేనె తాగిపోతుంది, పుప్పొడి దానికి అంటుకోదు. అందువల్ల ప్రతిచోటా అక్కడి తొండాన్ని బట్టే గొట్టం సాగింది. నేల, వాన, చలి దాదాపు ఒకటే ఉన్న చిన్న దీవిలోనే ఇంత తేడా వచ్చిందన్నది గమనించాలి. దక్షిణాఫ్రికాలో సటీరియం హలాకీ కథా ఇదే. తీరంలో వడ్రంగి తేనెటీగల కోసం పొట్టి గొట్టాలు, లోపలి గడ్డిభూముల్లో చిమ్మటల కోసం పొడుగువి.

## తేడా వారసత్వమా, సర్దుబాటా: తేల్చేదెలా

కొండ మీద ఒక జాతి 15 సెంటీమీటర్లు, మైదానంలో అదే జాతి 40 సెంటీమీటర్లు పెరుగుతోందనుకుందాం. రెండు చోట్ల గింజల్నీ ఒకే తోటలో పెంచాలి. రెండూ సమానంగా పెరిగితే ఆ తేడా సర్దుబాటుది. అక్కడా పొట్టిది పొట్టిగానే ఉంటే వారసత్వానిది. అది స్థానిక అనుకూలనమేనా అని తేల్చాలంటే ఇంకో మెట్టు ఎక్కాలి. కొండ గింజ కొండమీద, కొండ గింజ మైదానంలో, మైదానం గింజ మైదానంలో, మైదానం గింజ కొండమీద: నాలుగు గుంపులు. రెండు చోట్లా స్థానికులే పరాయివాటిని మించితే అనుకూలనం ఉన్నట్టు. కొండ గింజలు రెండు చోట్లా గెలిస్తే అవి బలమైన వంశానివి అంతే.

ఇది ఆర్కిడ్లలో అరుదుగా జరగడానికి కారణముంది. గింజ నుంచి పూత దాకా చాలా నేల జాతులకు ఐదు నుంచి పదేళ్లు పడుతుంది. పెద్ద మొక్కల్ని తవ్వి నాటితే వేళ్లతో పాత శిలీంధ్రమూ వస్తుంది, ఫలితం ఎవరి ఖాతాలో వేయాలో తెలియదు.

ఈ రెండు పెట్టెల మధ్య మూడోదీ ఉంది. ఐరోపాలోని డాక్టిలోరైజా మజాలిస్, డాక్టిలోరైజా ట్రౌన్‌స్టైనరీ రెండూ ఒకే రెండు పూర్వజాతుల సంకరం నుంచి, వేర్వేరు కాలాల్లో పుట్టాయి. తల్లిదండ్రులు వారే కాబట్టి జన్యు సామగ్రి దాదాపు ఒకటే. అయినా మజాలిస్ రకరకాల తడి పచ్చికల్లో విస్తరించింది, ట్రౌన్‌స్టైనరీ పోషకాలు తక్కువగా ఉండే చిత్తడి నేలలకే పరిమితమైంది. 2010లో వచ్చిన పరిశోధన ఈ తేడాలో గణనీయమైన భాగం డీఎన్ఏ అక్షరాల్లో కాక, ఏ జన్యువు పలకాలో ఏది మూగబోవాలో నిర్దేశించే రసాయన గుర్తుల్లో ఉందని చూపింది.

## విస్తరణకు అడ్డుపడేది ఏది

గింజ గాలిలో ఎక్కడికైనా పోగలిగినప్పుడు జాతులు కొన్ని చోట్లకే పరిమితం కావడం ఎందుకన్నదానిపై పరిశోధకుల్లో ఏకాభిప్రాయం లేదు. శిలీంధ్రం లేకపోవడమే కారణమని ఒక వాదం. దీన్ని పరీక్షించే పద్ధతి 1993లో ప్రచారంలోకి వచ్చింది. గింజలు జారిపోనంత సన్నని నైలాన్ వల ముక్కలో గింజలు చుట్టి, ఫొటో స్లైడు చట్రంలో బిగించి, నేలలో కొన్ని సెంటీమీటర్ల లోతున పాతి, నెలల తర్వాత తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. మొలక ఉంటే శిలీంధ్రం ఉన్నట్టే. ఇలాంటి పరీక్షల్లో చాలాసార్లు పెద్ద మొక్క ఒక్కటీ లేని చోట కూడా గింజలు మొలిచాయి. అంటే శిలీంధ్రం ఆర్కిడ్ కంటే విస్తారంగా ఉంది. దీన్నిబట్టి అసలు అడ్డంకి మొలక తర్వాతి దశల్లో, అంటే నీటిలోనో, వెలుతురులోనో, పరాగ సంపర్కంలోనో ఉందని రెండో వాదం. అయితే ఈ పరీక్షలు ఎక్కువగా నేల ఆర్కిడ్ల మీద, సమశీతోష్ణ దేశాల్లో జరిగినవి. కొమ్మల మీది జాతులకు ఇవే ఫలితాలను అంటగట్టలేం.

పరాయి నేలల్లో కలుపులా పాకిన కొద్దిపాటి ఆర్కిడ్లు ఇక్కడ మంచి సాక్ష్యం. ఆఫ్రికాకు చెందిన ఓసియోక్లేడిస్ మాక్యులాటా అమెరికా ఖండాల ఉష్ణప్రాంతాల్లో విస్తరించింది. దక్షిణాఫ్రికా డైసా బ్రాక్టియాటా ఆస్ట్రేలియాలో దారుల పక్కన మొలుస్తోంది. రెండూ పురుగుతో పనిలేకుండా కాయ కట్టగలవు. మొదటిదానికైతే వానచినుకు దెబ్బ చాలు, పుప్పొడి కదిలి కీలాగ్రానికి చేరుతుంది. ఏ పురుగు మీదా ఆధారపడని జాతే దూరం పోగలిగిందంటే, మిగిలిన వాటిని ఆపుతున్నవాటిలో పురుగు ఒకటని గట్టిగా అనుకోవచ్చు.

## వేడి పెరిగితే తరలించాలా

మళ్లీ ఎత్తు లెక్కకే వద్దాం. ప్రతి 1,000 మీటర్లకు 6 డిగ్రీలైతే, 2 డిగ్రీలు వేడెక్కితే పాత చల్లదనం కోసం 330 మీటర్లు పైకి పోవాలి. 2,300 మీటర్ల దగ్గరున్న జాతికి కొండ శిఖరం 2,500 దగ్గర ముగిస్తే చోటు 200 మీటర్లే మిగిలింది. అలాంటప్పుడు మనిషే ఇంకో కొండకు చేర్చాలనేది ఒక పక్షం. శిలీంధ్రం, పురుగు లేని చోట నాటిన మొక్కలు పూసినా సంతతి ఇవ్వవు, పైగా అక్కడి జాతులతో సంకరం కావచ్చన్నది రెండో పక్షం. ఎక్కడి గింజ వాడాలన్నదీ తేలలేదు. దగ్గరి గుంపు గింజ ఆ నేలకు సరిపోతుంది. కానీ గుంపులో ఇరవై మొక్కలే మిగిలితే రక్తసంబంధీకుల మధ్య సంపర్కం వల్ల గింజల్లో పిండాలే సరిగా ఏర్పడవు. దూరపు గుంపుతో కలిపితే ఆ లోపం తీరుతుంది, స్థానిక పోలిక కొంత చెదురుతుంది. నా మటుకు, చిన్నగుంపులకు రక్తసంబంధీకుల మధ్య సంపర్కమనే ప్రమాదమే పెద్దదనిపిస్తుంది.

తరలించక తప్పనప్పుడు సమయం చాలా ముఖ్యం. చెట్టు మీది ఆర్కిడ్ పాత వేళ్లు బెరడు నుంచి పీకితే మళ్లీ అంటుకోవు, కొత్త వేళ్లే కొత్త బెరడును పట్టుకుంటాయి. పచ్చని వేరుకొసలు ఒకటి రెండు సెంటీమీటర్లు తొంగిచూస్తున్నప్పుడు, తడికాలం మొదట్లో, వీలైతే కొమ్మ ముక్కతో సహా తీయాలి. పొడికాలం మొదట్లో తీస్తే వేరు పట్టే లోపే సూడోబల్బులు ఖాళీ అవుతాయి.

కదలకుండా ఉన్నచోటే ఉన్న మొక్కలకు కూడా చిక్కు వస్తోంది. ఇంగ్లండ్‌లోని ఓఫ్రిస్ స్ఫెగోడిస్ పూవు ఆడ తేనెటీగ వాసనను, రూపాన్ని అనుకరించి ఆండ్రీనా జాతి మగ తేనెటీగను రప్పిస్తుంది. మగవి ఆడవాటికంటే ముందు నేల నుంచి వెలువడే ఆ కొద్ది రోజుల వ్యవధిలోనే ఈ మోసం పారుతుంది. 1848 నుంచి భద్రపరిచిన ఎండు నమూనాలను, ఇటీవలి క్షేత్ర పరిశీలనలను పోల్చితే, వసంతకాలపు సగటు ఉష్ణోగ్రత 1 డిగ్రీ పెరిగితే పూత సుమారు 6 రోజులు ముందుకు జరుగుతోందని తేలింది. మగ తేనెటీగలు 9 రోజులు, ఆడవి 15 రోజులు ముందుకు జరుగుతున్నాయి. 1 డిగ్రీకి ఆడ తేనెటీగలు పూత కంటే 9 రోజులు ఎక్కువగా ముందుకు వచ్చేస్తున్నాయన్నమాట. పూవు విచ్చుకునే వేళకు అసలైన ఆడ తేనెటీగలు అప్పటికే గడ్డి మీద తిరుగుతుంటే, మగవి పూవు వైపు రావడం తగ్గుతుంది.